రెడీమేడ్ మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెటప్ కొనేముందు ఇది చదవండి

ర్యాంకులు, షాపు, స్పాన్ (ప్లేయర్లు మొదట అడుగుపెట్టే చోటు) అన్నీ రెడీ, అప్‌లోడ్ చేసి ఆడుకోవడమే అని అమ్ముతున్నారే, అలాంటి సెటప్ ఒకటి డబ్బు పెట్టి కొన్నాం. అమ్మినవాడు ఇల్లు అమ్మేసి తాళంచెవి ఒకటి జేబులో వేసుకెళ్లాడు.

ముక్కూ మొహం తెలియని ప్లేయర్ ఒకడు ఏ అడ్డూ లేకుండా కట్టి, పగలగొట్టే క్రియేటివ్ మోడ్‌లో తిరుగుతూ స్పాన్ అంతా పగలగొడుతుంటే చూశాం. లక్‌పర్మ్స్‌లో (ఎవరికి ఏ అధికారమో చూసుకునే ప్లగిన్, అంటే సర్వర్‌కి అదనపు పనులు చేర్చే ఫైల్) వెతికితే వాడు మామూలు డిఫాల్ట్ గ్రూప్‌లోనే ఉన్నాడు, ఏ పర్మిషనూ లేదు. అసలు మెలిక ఇక్కడే ఉంది, లక్‌పర్మ్స్ గ్రూపులు వేరు, గేమ్ సొంత ఆప్ (ఆపరేటర్, అంటే సర్వర్ మీద పెత్తనం ఉన్నవాడు) జాబితా వేరు. ఆప్స్.జేసన్ ఫైల్ తెరిస్తే వాడి పేరు లెవల్ 4తో ఉంది, అంటే బ్యాన్‌లు ఎత్తేయడం, ఇంకొకరికి ఆప్ ఇవ్వడమే కాదు, సర్వర్‌నే ఆపేయగలడు. డీఆప్ చేశాం (ఆ హోదా తీసేశాం), రీస్టార్ట్ కాగానే పేరు మళ్లీ వచ్చి కూర్చుంది! ప్లగిన్లు ఒక్కొక్కటే తీసి చూస్తే, ఏదో చాట్ రంగుల ప్లగిన్ అని పేరున్న జార్ ఫైలే ఆ పని చేస్తోంది. అమ్మినవాణ్ణి డబ్బు వెనక్కి అడిగితే అది 'సపోర్ట్ కోసం' పెట్టిందేనట, ఎంత ధైర్యమో చూడండి.

అంతటితో అయిపోలేదు. సెట్టింగులుండే సర్వర్.ప్రాపర్టీస్ ఫైల్‌లో ఆర్‌కాన్ (సర్వర్‌కి దూరం నుంచి కమాండ్లు పంపే దారి) ఆన్ చేసి ఉంది, పాస్‌వర్డ్ అమ్మినవాడు పెట్టిందే. ఆ పోర్టు బయటికి తెరిచి ఉంటే గేమ్‌లోకి రాకుండానే కన్సోల్ కమాండ్లు కొట్టొచ్చు. ఆన్‌లైన్ మోడ్ (ప్లేయర్ ఖాతా నిజమైనదో కాదో చూసే సెట్టింగ్) కూడా ఆఫ్‌లోనే ఉంది. అలా ఉంటే లాగిన్ ప్లగిన్ లేనిచోట ఎవడైనా మీ అడ్మిన్ పేరు పెట్టుకుని లోపలికి వచ్చేస్తాడు. ఇక మోడరేటర్ గ్రూప్‌కి స్టార్ పర్మిషన్ ఇచ్చి పెట్టాడు, అంటే ప్లగిన్లలో ఉన్న ప్రతి అధికారమూ వాళ్లదే. కిక్, మ్యూట్ చేసేవాళ్లకి అదెందుకో వాడికే తెలియాలి.

ఇప్పటికే కొనేసి ఉంటే వరల్డ్ ఫోల్డర్ (మ్యాప్ ఉండేది) మాత్రం తీసుకోండి. ప్లగిన్లు లేని సర్వర్‌లో కమాండ్ బ్లాకులు (మ్యాప్‌లో పెట్టే, కమాండ్లు నడిపే బ్లాకులు) లెవల్ 2లోనే నడుస్తాయి కాబట్టి వాటితో ఎవరికీ ఆప్ ఇవ్వలేరు, కానీ ప్లగిన్లు ఉన్నచోట ఆ భరోసా లేదు. సర్వర్ జార్ (సర్వర్‌ని నడిపే ప్రోగ్రామ్ ఫైల్), ప్లగిన్లు మాత్రం తయారుచేసినవాళ్ల దగ్గరి నుంచే కొత్తగా దించుకోండి, లక్‌పర్మ్స్ ఎలాగూ ఉచితమే. సర్వర్.ప్రాపర్టీస్ కూడా పాతది వద్దు, కొత్తది రానివ్వండి. హోస్టింగ్ ప్యానెల్ పాస్‌వర్డ్ సెటప్ చేయించుకునేటప్పుడు వాడికి ఇచ్చి ఉంటే ఇవన్నీ మొదలుపెట్టకముందే మార్చేయండి.