బిర్ అదమ్‌గా: ఒక్క ముక్క పట్టించుకోక కరకోల్‌లో 2,400 సోములు వదిలించుకున్నాం

కరకోల్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్ పేరు రాయట్లేదు గానీ కిర్గిజ్‌స్తాన్ వెళ్ళేవాళ్ళు ఈ ముక్క మాత్రం రాసిపెట్టుకోండి, బిర్ అదమ్‌గా. ఒక్కో మనిషికి అని అర్థం. గుమ్మంలోనే ఓనరమ్మ 1,800 సోములు, బిర్ అదమ్‌గా అంది, నేనేదో భాష వచ్చినవాడిలా ఓబా ఓబా (అవునవును) అని తలూపేశా. మా ఆవిడకీ నాకూ కలిపి రెండు రాత్రులకి 3,600 అనుకుని హాయిగా ఊరంతా తిరిగొస్తే ఖాళీ చేసేరోజు పొద్దున ఫోన్‌లో 7,200 కొట్టి చూపించింది. సోము మన రూపాయికి అటూ ఇటూగా సమానం, కాబట్టి లెక్కలు కట్టుకుని ఏడవక్కర్లేదు, డైరెక్ట్‌గా ఏడవొచ్చు.

పోనీ రూం బావుందా అంటే నీళ్ళు చల్లగా మంచు ముక్కల్లా. ఇసిక్ అంటే వేడి, సూ అంటే నీళ్ళు, జోక్ అంటే లేదు. "ఇసిక్ సూ జోక్" అని రెండ్రోజుల్లో పదిసార్లు చెప్పుంటా, ప్రతిసారీ "అజిర్ అజిర్" అనేది, అంటే ఇప్పుడే ఇప్పుడే అని, ఆ ఇప్పుడు మేం ఖాళీ చేసేదాకా రాలేదు. పక్కనే ఉన్న ఇస్సిక్ కుల్ పేరుకి అర్థమే వేడి సరస్సు, 1,600 మీటర్ల ఎత్తులో ఉండి కూడా చలికాలంలో గడ్డకట్టదు, దానిపక్క ఊళ్ళో మా కుళాయికి మాత్రం ఆ భాగ్యం లేదు. బ్రేక్‌ఫాస్ట్ అంటే ఒక గుడ్డు, ఇంత జామ్. చివరికి రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివే మా మేనల్లుడికి ఫోన్ చేసి రష్యన్‌లో అరగంట మాట్లాడిస్తే 6,000కి దిగింది. వాడు ఫోన్ పెట్టేముందు "మామయ్యా, ముందే చెప్పానంటోంది, నువ్వు ఓబా అన్నావంట" అన్నాడు. అన్నమాట నిజమే, అదే ఇంకా మండుతోంది.

మా ఆవిడ హైదరాబాద్ పిల్ల, బస్సెక్కాక అంటుందీ "అదమ్ అంటే ఆద్మీ కదండీ, అది కూడా వెలగలేదా మీకు". నిజంగానే వెలగలేదు. కొట్టుని దుకోన్ అంటారు, పుస్తకాన్ని కితెప్, శుక్రవారాన్ని జుమా, నాన్, చాయ్, బజార్ ఎలాగూ ఉన్నాయి, థాంక్యూకి రహ్మత్. ఉర్దూ చెవిన పడ్డవాళ్ళకి సగం మాటలు చుట్టాల్లా కనిపిస్తాయి.

బిష్కెక్‌లో రష్యన్ చాలు, కిర్గిజ్ ఎందుకని మేనల్లుడు మొదట్నుంచీ అంటూనే ఉన్నాడు. వాడిది క్లాసులు ఇంగ్లిష్‌లో, హాస్పిటల్లో పేషెంట్లతో రష్యన్, వాడికి చాలు. బిష్కెక్ మూడ్రోజులు బానే గడిచాయి, మార్ష్‌రుత్కా అనే వ్యాన్‌లో మనిషికి 500 ఇచ్చి 400 కిలోమీటర్లు దాదాపు ఏడు గంటల్లో కరకోల్ చేరాం. నా మాట వింటే మాత్రం పది కిర్గిజ్ ముక్కలైనా పట్టుకెళ్ళండి, ఎందుకంటే ఆ భాష కట్టుబడి మనదే. క్రియ చివర్న వస్తుంది, ప్రత్యయాలన్నీ మాట తోకకి అతుక్కుంటాయి, సెన్ అంటే నువ్వు, సిజ్ అంటే మీరు. మగవాళ్ళని బైకే (అన్నా), ఆడవాళ్ళని ఎజే (అక్కా) అని పిలిస్తే మొహం విప్పారుతుంది. ప్రశ్న కూడా మనలాగే, బార్ అంటే ఉంది, బార్‌బి అంటే ఉందా.

ఈ బార్‌బి వల్లే మా ఆవిడ ఆకలి తీరింది. తను మాంసం ముట్టదు, నేను తింటా గానీ గొడ్డు మాంసం తినను. ఎత్‌సిజ్, అంటే మాంసం లేకుండా, అని అడిగితే ఒకచోట ప్లోవ్ (వాళ్ళ పులావ్)లోంచి ముక్కలు ఏరేసి తెచ్చిపెట్టారు, ఆరోజు తను నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు. కరకోల్ బజార్‌లో మాత్రం "ఎత్ బార్‌బి?" అని తనే అడిగింది, "జోక్" అని గిన్నె అందించిందో ఎజే, డుంగన్‌ల (చైనా నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లింల) వంటకం అష్లాన్‌ఫూ, చల్లటి పుల్లటి రసంలో నూడుల్స్, పైన ఎర్ర కారం. 80 సోములు. రెండు గిన్నెలు లాగించింది, ట్రిప్పంతటికీ మంచి భోజనం అదే.

నా పరువు పోయింది ఉయ్ దగ్గర. ఉయ్ అంటే ఆవు. ఇల్లు కూడా దాదాపు అదే మాట, కాకపోతే పెదాలు ఉ అన్నట్టు సున్నా చుట్టి లోపల ఈ అనాలి. అది నాకు తిరగలేదు, గెస్ట్‌హౌస్ దారి తప్పినప్పుడు ఒక పెద్దాయన్ని ఆపి మా ఆవు ఎక్కడుంది అని అడిగానని తర్వాత తెలిసింది. ఆయన పాపం నిజంగానే చుట్టూ వెతికాడు.

తిరుగు ప్రయాణంలో దక్షిణపు ఒడ్డున బొకొన్‌బయెవోలో ఒక ఇంట్లో దిగాం. "కాంచా?" (ఎంత?) అన్నా. ఎకీ మిన్, రెండువేలు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ముందుకొచ్చి "బిర్ అదమ్‌గాబి?" అంది, ఒక్కరికా అని, మన దీర్ఘం తీసినట్టే ఆ బి తగిలించి. ఆ ఎజే పకపకా నవ్వి "జోక్, బారీ" అంది, బారీ అంటే మొత్తం. అలా 2,000కి ఇద్దరం, టిఫిన్‌తో సహా, వేడినీళ్ళతో సహా.

అక్కడా ఒక గండం తప్పింది. చాయ్ కప్పులో సగమే పోసింది. ఇక్కడ కూడా పిసినారితనమేనా అన్నట్టు మా ఆవిడ నావైపు చూసింది. తీరా చూస్తే నిండా పోస్తే ఇక లేవండి అన్నట్టంట, సగం పోస్తూ ఉంటే కూర్చోండి అని. బిర్, ఎకీ, ఉచ్, తోర్త్, బెష్, అల్తీ, జెతీ... లెక్క నేర్చుకోవడానికి అదే టైం అనుకుని ఏడు దాకా తాగా, ఎనిమిదోదానికి కప్పు మీద చెయ్యి పెట్టేశా.