ద్వారకానగర్‌లో అమెరికా వెళ్లే పిల్లల క్లాసు

మా తమ్ముడికి ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో సీటొచ్చిందని ఈ క్లాసులో చేర్పించాం, చాలా బాగుంది. న్యూయార్క్ ఫొటోలు చూపించి పంపేయకుండా ఆ ఊరి సంగతే చెప్పారు. అది ఉక్కు ఊరు, 1977 సెప్టెంబరు 19న పెద్ద మిల్లు మూసేస్తున్నామని ప్రకటిస్తే దాదాపు 5,000 మంది రోడ్డున పడ్డారు, 1950లో 1,68,000 దాటిన జనాభా 2020కి 60 వేల చిల్లరకి వచ్చేసింది. నాన్న స్టీల్ ప్లాంట్ షిఫ్టులతోనే గాజువాకలో పెరిగినవాళ్లం కదా, వింటుంటే గుండె కలుక్కుమంది. అద్దెకి ఇల్లు చూసేటప్పుడు బస్‌స్టాప్ ఎంత దూరమో, చలికాలం హీటర్ బిల్లు ఎవరు కట్టాలో ముందే అడగమన్నారు, ఇలాంటివి ఎవరు చెప్తారండీ! హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం హడావిడిగా లాగించేశారు, దానికి ఇంకో గంట ఇవ్వాల్సింది.