డీసీ గ్రిడ్‌లో కరెంటు దారి మళ్లించాలంటే ఏది మేలు?

"కన్వర్టర్ల (ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే యంత్రాల) వోల్టేజీ సవరిస్తే సరిపోతుంది కదా, లైనుకు మళ్లీ వేరే పరికరం ఎందుకు?" అని విద్యార్థులు పదే పదే అడుగుతున్నారు. తాల్చేరు–కోలారు లాంటి రెండు కొనల లైనుకు అది నిజమే. రెండు కన్వర్టర్లూ ఒకే చోట ఉండే గాజువాక బ్యాక్-టు-బ్యాక్ కేంద్రంలోనైతే డీసీ లైనే లేదు. చిక్కంతా లైన్లు వలయంగా కలిసినప్పుడే.

2020లో చైనాలో మొదలైన ఝాంగ్‌బే గ్రిడ్ అలాంటిదే: ±500 కిలోవోల్టులు, నాలుగు కన్వర్టర్ కేంద్రాలు, వాటిని చుట్టి కలిపే లైన్లు. ఇలాంటి వలయంలో ఏ కేంద్రం ఎంత విద్యుత్తు పంపాలో నిర్ణయించాక, ఏ లైనులో ఎంత పారాలన్నది మన చేతిలో ఉండదు. లైన్ల నిరోధమే దాన్ని తేలుస్తుంది. ఒక లైను పరిమితి దాటుతుంటే పక్క లైను సగం ఖాళీగా ఉండవచ్చు.

లైనులో అదనపు నిరోధకం పెట్టడం సులువే. కానీ 1500 ఆంపియర్లు పారే లైనులో 2 ఓమ్‌లు చేర్చితే 4.5 మెగావాట్లు వేడిగా పోతాయి. పైగా అది ప్రవాహాన్ని తగ్గించగలదే తప్ప పెంచలేదు. ఒక డీసీ వోల్టేజీని మరో డీసీ వోల్టేజీగా మార్చే డీసీ–డీసీ కన్వర్టర్ వేర్వేరు వోల్టేజీల గ్రిడ్లను కలపడానికి తప్పనిసరి; ఈ ఒక్క పనికి దండగ.

నా దృష్టిలో అసలు నిర్ణయించేది పరికరం మోయాల్సిన వోల్టేజీ. వలయం మొత్తం నిరోధం 5 ఓమ్‌లనుకోండి. ఒక లైనులో శ్రేణిగా 5 కిలోవోల్టులు చేర్చే పరికరం పెడితే 1000 ఆంపియర్లు దారి మళ్లుతాయి. 500 కిలోవోల్టుల్లో అది ఒక్క శాతమే! 1500 ఆంపియర్లు పారే 750 మెగావాట్ల లైనును అదుపు చేయడానికి 7.5 మెగావాట్ల పరికరం చాలు.

ఆ వోల్టేజీకి శక్తిని ఏసీ వైపు నుంచి తెచ్చుకుంటే స్వేచ్ఛ ఎక్కువే. కానీ పరికరం ఉండేది లైను వోల్టేజీ మీద కాబట్టి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా 500 కిలోవోల్టులకు తగిన ఇన్సులేషన్ కావాలి. ఖర్చంతా అక్కడే. అందుకే ఒకే కేంద్రంలో కలిసే రెండు లైన్లలో చెరో బ్రిడ్జి (ఎలక్ట్రానిక్ స్విచ్‌ల సర్క్యూట్) పెట్టి, మధ్యలో ఉమ్మడి కెపాసిటర్ ఉంచే పద్ధతికే నా ఓటు. ఈ పరికరం ఒక లైను నుంచి తీసుకున్న శక్తిని రెండో లైనుకు ఇస్తుంది. బయటి సరఫరా అక్కరలేదు.

దీనికీ ఒక గట్టి పరిమితి ఉంది. పక్క లైనులో కరెంటు దాదాపు సున్నా అయితే ఇచ్చిపుచ్చుకోవడానికి ఏమీ ఉండదు. గాలి, ఎండ మీద ఆధారపడిన గ్రిడ్‌లో ఆ పరిస్థితి తరచూ వస్తుందా అన్నది ముందే లెక్కించాలి. షార్ట్ సర్క్యూట్ జరిగితే పరికరాన్ని మిల్లీసెకన్లలో బైపాస్ చేయాలి. లోపమున్న లైనును తెంచే బ్రేకర్ పని ఇది చేయదు.

బిశ్వనాథ్ చారియాలి–అలీపూర్‌ద్వార్–ఆగ్రా మార్గంలో మూడు చోట్ల కేంద్రాలున్నా వలయం లేదు. అక్కడ వీటిలో ఏదీ అవసరం లేదు.