గ్యాస్ నింపించడమా, లీకు పట్టించడమా?

కారు ఏసీ చల్లదనం తగ్గగానే మెకానిక్ నోట మొదట వచ్చే మాట, "గ్యాస్ అయిపోయింది సార్!" అది పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. నింపిస్తే గంటలో పని అయిపోతుంది, జేబుకూ తేలిక. కానీ చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. పైగా గ్యాస్‌తో పాటు, దాన్ని నొక్కి తిప్పే పంపు కంప్రెసర్ నూనె కూడా కొంత పోతుంది. నూనె చాలక కంప్రెసర్ పట్టేస్తే అసలు ఖర్చు అప్పుడు తెలుస్తుంది.

లీకు పట్టించాలంటే ఒక పూట బండి వదిలేయాలి. గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాస్తారు. బుడగలు లేచిన చోటే చిల్లి. నా కారులో గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ అంచున దుమ్ము అంటిన జిడ్డు మరక ముందే కనిపించింది. గ్రిల్ వెనకే ఉంటుంది కదా, రాళ్ల దెబ్బలన్నీ దానికే. లోపలి కూలింగ్ కాయిల్ కారితే మాత్రం చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు.

ఏళ్ల తర్వాత కాస్త తగ్గితే నింపిస్తాను. అదే వేసవిలో మళ్లీ తగ్గితే లీకు వెతికిస్తాను.