మలద్వారం క్యాన్సర్: కీమో-రేడియేషనా, ఆపరేషనా? ఏది మేలు?

"ఆపరేషన్‌తో ఒక్కసారే పోతుంది కదా, ఆరు వారాలు కరెంటు పెట్టించుకుని ఒళ్లు కాల్చుకోవడం ఎందుకు?" అని అడుగుతూనే ఉన్నారు. అడిగేది ఎక్కువగా పేషెంట్ల పిల్లలు. గడ్డను కోసి బయట పడేస్తే తప్ప మనకు నమ్మకం కుదరదు మరి.

మలద్వారంలో ఎక్కువగా వచ్చే స్క్వామస్ రకం (పైపొర కణాల్లో పుట్టే) క్యాన్సర్‌కు ఈ లెక్క ఎప్పుడో మారింది. డెట్రాయిట్ సర్జన్ నార్మన్ నైగ్రో, ఆపరేషన్‌కు ముందు గడ్డ చిన్నదవుతుందని కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చారు. తర్వాత కోసి తీసిన భాగంలో క్యాన్సరే కనిపించలేదు. 1974లో ఆ సంగతి ప్రచురించారు. ఇప్పుడు చాలామందికి మొదటి వైద్యం అదే.

అలాగని రేడియేషన్ తేలిక కాదు. మూడో వారం నుంచి గజ్జల్లో, పిరుదుల మధ్య చర్మం ఎర్రబడి ఊడుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి, మలవిసర్జనకు వెళ్లాలంటేనే భయం. కీమో వల్ల తెల్ల రక్తకణాలు పడిపోతాయి; జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి చాలావరకు వైద్యం ముగిశాక కొన్ని వారాల్లో తగ్గుతాయి. నెలలు, ఏళ్ల తర్వాత బయటపడేవి వేరే ఉన్నాయి: మలం ఆపుకోలేకపోవడం, రక్తం పడటం, ఆడవాళ్లలో యోని బిగుసుకుపోవడం, ముట్లు ముందే ఆగిపోవడం, పెద్ద వయసువాళ్లకు కటి ఎముకల్లో పగుళ్లు. పిల్లలు కావాలనుకునేవాళ్లు వీర్యం, అండాలు దాచుకునే సంగతి మొదటి రోజుకు ముందే అడగాలి.

కిరణాలను గడ్డ ఆకారానికి తగ్గట్టు మలిచి, చుట్టుపక్కల భాగాలకు తక్కువ తగిలేలా ఇచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతిలో ఈ బాధ కొంత తగ్గుతుంది. ఈ పద్ధతితో అమెరికాలో చేసిన ఆర్‌టీఓజీ 0529 అనే అధ్యయనంలో తీవ్రమైన చర్మ సమస్య 23 శాతం మందిలో కనిపించింది. పాత పద్ధతితో చేసిన అంతకుముందు అధ్యయనంలో అది 49 శాతం.

ఇక ఆపరేషన్. మలద్వారాన్ని, పురీషనాళాన్ని, మలాన్ని పట్టి ఉంచే కండరంతో సహా తీసేస్తారు. పొట్ట మీద మలం పడే బ్యాగు జీవితాంతం ఉంటుంది. బ్యాగుకు అలవాటు పడి పొలం పనీ ఆఫీసు పనీ చేసుకునేవాళ్లు ఉన్నారు, దాన్ని భూతంలా చూపించడం నాకు ఇష్టం లేదు. అసలు తిప్పలు కింద గాయంతో. కూర్చునే చోట కుట్లు విడిపోవడం, చీము పట్టడం, మానడానికి నెలలు పట్టడం. నరాలు దెబ్బతింటే మూత్రానికి, దాంపత్యానికి ఇబ్బంది.

నా దృష్టిలో తేల్చేది ఒకటే: తర్వాత ఏ దారి మిగులుతుంది? రేడియేషన్‌తో పూర్తిగా పోకపోయినా, మళ్లీ అక్కడే వచ్చినా, చాలామందికి ఆపరేషన్ దారి తెరిచే ఉంటుంది. రేడియేషన్ తగిలిన చోట గాయం ఇంకా మొండికేస్తుంది, వేరే చోటి కండను తెచ్చి అతకాల్సి రావచ్చు, అది నిజమే. కానీ ముందే తీసేసిన కండరం తిరిగి రాదు. అందుకే నా మొగ్గు కీమో-రేడియేషన్ వైపు.

ఇక్కడ తొందరే ముప్పు. కీమో-రేడియేషన్ మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు డాక్టర్ వేలితో చూసి "ఇంకా కాస్త గట్టిగా ఉంది" అనగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. బ్రిటన్‌లో 940 మందితో జరిగిన యాక్ట్-2 అధ్యయనంలో, వైద్యం మొదలైన 11వ వారానికి గడ్డ పూర్తిగా కరగనివాళ్లలో 72 శాతం మందికి 26వ వారానికల్లా కరిగిపోయింది. గడ్డ పెరగనంతవరకు ఆరు నెలలు ఆగకుండా కత్తి పట్టుకుంటే, అక్కర్లేని బ్యాగు తగిలించినట్టే.

గడ్డ అప్పటికే కండరాన్ని తినేసి మలం కారుతుంటే, యోనిలోకి దారి పడితే, లెక్క మారుతుంది. అప్పుడు ముందు బ్యాగు పెట్టి, తర్వాత కీమో-రేడియేషన్ ఇస్తారు. "తాత్కాలికమే" అని చెప్పి పెట్టిన ఆ బ్యాగు చాలామందికి ఉండిపోతుంది. తీయడానికి ఎంత అవకాశం ఉందో పెట్టకముందే అడగండి.

మిగతావి క్లుప్తంగా. బయటి అంచు చర్మం మీద చిన్న గడ్డ అయితే దాని మటుకే కోసి తీస్తే సరిపోవచ్చు. కీమో తట్టుకోలేనివాళ్లకు ఒట్టి రేడియేషన్ ఇస్తారు; గడ్డ అక్కడే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.