బాల్టిక్ ఫ్లౌండర్ ఏ జాతో తేల్చాలంటే మైక్రోశాటిలైటా, స్నిప్సా, మొత్తం జీనోమా: ఏది మేలు?

బాల్టిక్ సముద్రంలో ఫ్లౌండర్ అని ఒక బల్లపరుపు చేప దొరుకుతుంది, రెండు కళ్ళూ ఒకే పక్కకి వచ్చేసి ఇసుకలో అతుక్కుని ఉండే రకం, పోలండ్ నుంచి ఫిన్లాండ్ దాకా అక్కడి జాలర్లకి అమ్ముడుపోయే సరుకు. వలలో పడ్డప్పుడు అన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ అందులో రెండు జాతులున్నాయి. ఒకటి లోతైన చోట గుడ్లు పెడుతుంది, అక్కడ నీళ్ళలో ఉప్పు లీటరుకి 10 గ్రాముల పైన ఉంటుంది కాబట్టి గుడ్లు తేలతాయి. రెండోది ఒడ్డు దగ్గర 6, 7 గ్రాముల ఉప్పుకే పెట్టేస్తుంది, దాని గుడ్లు చిన్నవి, పైపొర మందం, అడుక్కి దిగిపోతాయి. ఈ రెండోదాన్ని 2018లో ప్లాటిక్తిస్ సోలెమ్డాలి అని కొత్త జాతిగా ప్రకటించారు. పైకి చూసి ఏది ఏదో నమ్మకంగా చెప్పలేం, కాబట్టి డీఎన్ఏ చూడాల్సిందే. మరి ఏ పద్ధతిలో?

ట్యాగ్ కట్టి వదిలితే చేప ఎక్కడ తిరిగిందో తెలుస్తుంది, ఎవరితో జతకట్టిందో తెలీదు. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లివైపు కథ ఒక్కటే చెప్తుంది. అందుకని అసలు పోటీ మిగతా మూడింటి మధ్యే: మైక్రోశాటిలైట్లు, స్నిప్స్, మొత్తం జీనోమ్ (అంటే చేప డీఎన్ఏ అంతా).

డీఎన్ఏ అంటే ఏ, సీ, జీ, టీ అనే నాలుగక్షరాల వరస; మైక్రోశాటిలైట్లంటే అందులో సీఏసీఏసీఏ అని వచ్చే చోట ఆ సీఏ లాంటి ముక్క ఎన్నిసార్లు రిపీట్ అయిందో కొలవడం. ఒక్కో చోట బోలెడు రకాల పొడవులుంటాయి, అందుకే చుట్టరికాలు తేల్చడానికి, తర్వాతి తరానికి నిజంగా జీన్లు అందిస్తున్న చేపల సంఖ్య అంచనా వెయ్యడానికి ఇవి గట్టివి. 2005లో ప్లేస్ అనే ఇంకో బల్లపరుపు చేప మీద ఇలాగే చూస్తే నార్త్ సీలో ఆ సంఖ్య దాదాపు 20,000, ఐస్లాండ్ దగ్గర 2,000 అని వచ్చింది, నీళ్ళలో తిరిగే చేపలు మాత్రం కోట్లలో ఉన్నాయి, వేటని పట్టించుకునేవాళ్ళు ఉలిక్కిపడాల్సిన లెక్క ఇది. అయితే జనాభాల్ని విడదియ్యాలంటే మైక్రోశాటిలైట్లు తడబడతాయి. సముద్రపు చేపల సంఖ్య పెద్దది, పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి కలిసిపోతాయి, కాబట్టి డీఎన్ఏలో మామూలు చోట్ల తేడా దాదాపు సున్నాకి దగ్గర్లో ఉంటుంది. పైగా ఒక ల్యాబ్ మెషిన్ చూపించే పొడవు ఇంకో ల్యాబ్‌లో రెండక్షరాలు అటూ ఇటూ అవుతుంది, రెండు దేశాల డేటా కలపాలంటే అదో పెద్ద పని.

స్నిప్ (SNP) అంటే డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా. ఎక్కువగా రెండే రకాలు, విడిగా చూస్తే బలహీనమే. కానీ ఏ ల్యాబ్‌లో చదివినా ఏ అంటే ఏ, జీ అంటే జీ, అదీగాక ఉప్పుకో చలికో అలవాటుపడిన జీన్ల దగ్గరున్న స్నిప్స్‌ని మనం ఏరుకోవచ్చు, తేడా కొట్టొచ్చినట్టు కనపడేది అక్కడే. 2012లో కాడ్, హెర్రింగ్, హేక్, సోల్ అనే నాలుగు సముద్రపు చేపల మీద చేసిన పనిలో ఇలా ఏరిన స్నిప్స్‌తో 93 నుంచి 100 శాతం చేపల్ని పుట్టిన చోటికి సరిగ్గా కలిపారు. దొంగ వేట కేసుల్లో నిలబడే స్థాయి అది.

నన్ను బాగా కదిలించింది బాల్టిక్ తూర్పు కొసనున్న గల్ఫ్ ఆఫ్ ఫిన్లాండ్ సంగతి. వయసు లెక్కపెట్టడానికి ఏళ్ళ తరబడి దాచిన ఫ్లౌండర్ చెవిరాళ్ళు (చెవి లోపలుండే చిన్న గట్టి ముక్కలు) ఉన్నాయి, వాటి మీద ఎండి అంటుకున్న కొంచెం కండలో ఉన్న డీఎన్ఏ కూడా ముక్కలైపోయి ఉంటుంది, స్నిప్ చదవడానికి చిన్న ముక్క చాలు గనక పని అయింది. తీరా చూస్తే 1983లో అక్కడ ఎక్కువగా ఉన్నది తేలే గుడ్ల జాతి, 1993 కల్లా దాదాపు మాయం! దిగుబడి పడిపోతుంటే ఒకే చేప తగ్గుతోందని అందరూ అనుకున్నారు. ఆ జాతి పిల్లలు దక్షిణాన లోతు నీళ్ళ నుంచి కొట్టుకొచ్చేవి, సరిగ్గా ఆ పదేళ్ళూ నార్త్ సీ నుంచి బాల్టిక్‌లోకి పెద్ద ఎత్తున ఉప్పునీళ్ళు రానేలేదు. గుడ్లు పెట్టే చోటే దెబ్బతింటే ఒడ్డున వలలు ఆపి ఏం లాభం చెప్పండి, అందుకే ఏ జాతో తెలీకుండా కోటా వెయ్యడం నాకు అస్సలు నచ్చదు.

మొత్తం జీనోమ్ చదవడం అన్నిటికన్నా వివరం, సందేహం లేదు. ప్లేస్‌లో నార్త్ సీకి, బాల్టిక్‌కి మధ్య తేడా ఎక్కువగా రెండు పెద్ద క్రోమోజోమ్ బ్లాకుల్లోనే పోగుపడి ఉందని జీనోమంతటా వెతికితేనే బయటపడింది. కానీ ఏటా వేల చేపలకి ఆ ఖర్చు ఏ మత్స్యశాఖా పెట్టలేదు, పెట్టక్కర్లేదు కూడా.

కాబట్టి నా ఓటు స్నిప్ ప్యానెల్‌కే, అంటే ఏరి పెట్టుకున్న స్నిప్స్ జాబితాకే, ఒక్క షరతు మీద: ముందు అన్ని వైపుల నుంచీ కొన్ని చేపలకి జీనోమ్ మొత్తం చదివి, అందులోంచి స్నిప్స్ ఏరాలి. ఒక్క తీరం చేపల్ని చూసి తయారుచేసిన ప్యానెల్ వేరే తీరానికి పోతే అక్కడి తేడాలు దానికి కనపడవు. చేతిలో మైక్రోశాటిలైట్ డేటా ఇప్పటికే ఉన్నవాళ్ళు మాత్రం పారెయ్యకండి, చుట్టరికం లెక్కలకి అది ఇప్పటికీ పనికొస్తుంది.