జాగ్రత్త: రన్నింగ్ మీటరు లెక్కన అమ్మే ఓవర్‌హెడ్ బ్యాఫిల్ సెట్లు కొనే ముందు ఇది చదవండి

అవుట్‌డోర్ షూటింగ్ రేంజ్ కడుతున్న క్లబ్బులు, అకాడమీలు, కాలేజీల వారికి ఈ హెచ్చరిక. ఈషా సింగ్ లాంటి మన హైదరాబాద్ అమ్మాయి 25 మీటర్ల పిస్టల్‌లో ఆసియా క్రీడల పతకాలు తెచ్చాక పిల్లల్ని రేంజ్‌కి పంపే తల్లిదండ్రులు పెరిగారు, రేంజ్ పెట్టాలనుకునే వాళ్లూ పెరిగారు. తూటా రేంజ్ దాటి పైకి పోకుండా లేన్ల పైన అడ్డంగా నిలబెట్టే స్టీలు ప్లేట్లే ఓవర్‌హెడ్ బ్యాఫిల్స్. వాళ్లకు "50 మీటర్లు, పది లేన్లు, బ్యాఫిల్ సెట్ ఫిట్టింగ్‌తో సహా" అని రన్నింగ్ మీటరు లెక్కన కొటేషన్లు వస్తున్నాయి. అలా కొన్న ఒక సెట్‌లో, పూర్తి డబ్బు కట్టేశాక, ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే పొజిషన్) మ్యాట్ మీద పడుకుని చూస్తే ప్లేట్ల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తోంది. సరఫరాదారు పేరు ఇక్కడ రాయడం లేదు. అదే డ్రాయింగ్ రేపు ఇంకో లెటర్‌హెడ్ మీద రావచ్చు, అందుకే లోపం ఎక్కడుందో చెబుతున్నాం.

అసలు బ్యాఫిల్ పని ఒక్కటే. షూటర్ ఏ పొజిషన్‌లో ఉన్నా, పొరపాటున ట్రిగ్గర్ ఎంత ఎత్తు కోణంలో నొక్కుకుపోయినా, తూటా ఏదో ఒక ప్లేటుకో, టార్గెట్ల వెనక ఉండే మట్టి కట్టకో తగలాలి. బ్యారెల్ మూతి ఉండే చోట కన్ను పెట్టి చూస్తే ఎక్కడా ఆకాశం కనిపించకూడదు. పాయింట్ 22 తూటా రెండున్నర గ్రాముల చిల్లర, దానికి ఇంత హంగామా ఎందుకని అడిగేవాళ్లున్నారు. సరైన కోణంలో లేస్తే అది కిలోమీటరున్నర దాకా పోగలదు. నగర శివారులో కిలోమీటరున్నర లోపల ఏముంటాయో లెక్కేసుకోండి.

ఇక లోపం. ఆ సెట్ డ్రాయింగ్‌లో షెడ్డు పైకప్పు అంచు ఫైరింగ్ లైన్ నుంచి 2 మీటర్లు ముందుకు వస్తుంది. తర్వాత బ్యాఫిల్స్ 3, 4.5, 6.75, 10.1, 15.2, 22.8 మీటర్ల దగ్గర. పైకప్పు అడుగూ ప్రతి బ్యాఫిల్ కింది అంచూ నేల నుంచి 2.4 మీటర్ల ఎత్తులో ఉంటాయి. ప్లేటు ఎత్తు 60 సెంటీమీటర్లు. కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంది, ఎందుకంటే లెక్క కట్టింది నిలబడి కాల్చేవాడికి, మూతి ఎత్తు 1.5 మీటర్లు అనుకుని.

లెక్క ఎలా చేయాలో చెబుతాం, పదో తరగతి గణితమే. ముందున్న అడ్డు (పైకప్పు అంచు లేదా ముందరి బ్యాఫిల్) మూతి నుంచి ఎంత దూరం, తర్వాతి బ్యాఫిల్ మూతి నుంచి ఎంత దూరం అన్నది తీసుకోండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించి, ఒకటి తీసేయండి. వచ్చినదాన్ని, బ్యాఫిల్ కింది అంచుకీ మూతికీ మధ్య ఎత్తు తేడాతో గుణించండి. ఆ బ్యాఫిల్‌కి కనీసం కావలసిన ఎత్తు అదే. దాని మీద 15 సెంటీమీటర్లు అదనంగా వేసుకోవాలి. నిలబడ్డప్పుడు తేడా 0.9 మీటర్లు, డ్రాయింగ్‌లోని దూరాలు 3ని 2తో భాగిస్తే 1.5. అంటే 45 సెంటీమీటర్లు, అదనం కలిపి 60. సరఫరాదారు అక్కడితో ఆపేశాడు.

ప్రోన్‌లో మూతి నేల నుంచి దాదాపు 30 సెంటీమీటర్లే. తేడా 2.1 మీటర్లు. అదే మొదటి బ్యాఫిల్‌కి ఇప్పుడు 1.05 మీటర్లు కావాలి, అదనం కలిపి 1.2. ఇచ్చిందేమో అందులో సగం. నీలింగ్‌లో, అంటే మోకాలి మీద కూర్చుని కాల్చేటప్పుడు, మూతి 80 సెంటీమీటర్లు అనుకున్నా 80 సెంటీమీటర్ల ప్లేటు కావాలి. మూతి కిందికి దిగే కొద్దీ పైన కిటికీ పెద్దదవుతుంది. 50 మీటర్ల రైఫిల్ రేంజ్‌లో ప్రోన్ లేకుండా పోటీ లేదు, అయినా ఈ డ్రాయింగ్‌లో ప్రోన్ గీత ఒక్కటీ లేదు.

దీనికన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది, చాలామంది గమనించరు. దూరాలన్నీ ఫైరింగ్ లైన్ నుంచి కొలిచారు. తూటా బయల్దేరేది లైన్ దగ్గర కాదు, మూతి దగ్గర. ప్రోన్‌లో మోచేతులు లైన్ వెనక ఉన్నా బ్యారెల్ 70 సెంటీమీటర్ల దాకా లైన్ దాటి ముందుకు వస్తుంది. అప్పుడు పైకప్పు అంచు మూతికి 1.3 మీటర్లు, మొదటి బ్యాఫిల్ 2.3 మీటర్లు. లెక్క మళ్లీ వేస్తే మొదటి బ్యాఫిల్‌కే 1.6 మీటర్ల ఎత్తు కావాలి. నిలబడి కాల్చేవాడికి కూడా 69 సెంటీమీటర్లు వస్తుంది, అంటే వాళ్లు లెక్కగట్టిన ఒకే ఒక్క పొజిషన్‌కి కూడా ఆ 60 సెంటీమీటర్ల ప్లేటు చాలదు. దూరంగా ఉన్న బ్యాఫిల్స్‌కి ఈ తేడా తగ్గుతుంది. ప్రోన్‌లో ఆఖరి దానికి 1.1 మీటర్లు సరిపోతాయి, అదనం వేరే.

ఆఖరి బ్యాఫిల్ కింద నుంచి జారే తూటాని వెనక కట్ట పట్టుకోవాలి. పై కొలతలతో, ప్రోన్ మూతి నుంచి ఆఖరి బ్యాఫిల్ కింది అంచుని తాకుతూ పోయే గీత 52 మీటర్ల దగ్గర, అంటే కట్ట దగ్గర, దాదాపు 5.2 మీటర్ల ఎత్తులో పోతుంది. సరఫరాదారు సూచించిన కట్ట 4 మీటర్లు. "కట్ట మా స్కోపులో లేదు సార్" అన్నది జవాబు. బ్యాఫిల్స్, కట్ట రెండూ ఒకే లెక్కలో భాగం. ఒకటి అమ్మి రెండోది గాలికి వదిలేసేవాడి దగ్గర కొనకండి.

"ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమం ప్రకారం 50 మీటర్లలో 45 మీటర్లు ఆకాశానికి తెరిచి ఉండాలి, అందుకే ప్లేట్లు తగ్గించాం" అని కూడా చెబుతారు. వినసొంపుగా ఉంటుంది గానీ సంబంధం లేని మాట. నియమం అడిగేది గాలి, వెలుతురు పైనుంచి రావడం. ప్లేట్ల మధ్య పైనుంచి ఎంత ఖాళీ ఉన్నా ఫర్వాలేదు, మూతి నుంచి ఆ ఖాళీ కనిపించకపోతే చాలు.

ప్లేట్లని వాలుగా బిగిస్తే పై అంచు షూటర్ వైపు, కింది అంచు టార్గెట్ వైపు ఉండాలి. అప్పుడు తగిలిన తూటా ముక్కలు ముందుకీ కిందికీ పోతాయి. తిరగేసి బిగిస్తే అవే పైకి లేస్తాయి, ఇది జరిగిన చోట్లున్నాయి. ఇంకో సంగతి, నిలువు నుంచి 30 డిగ్రీలు వాల్చిన 1.2 మీటర్ల ప్లేటు మూతికి ఇచ్చే ఎత్తు 1.04 మీటర్లే. బిల్లులో ప్లేటు వెడల్పు రాస్తారు, మీకు కావలసింది నిలువు ఎత్తు.

స్టీలు దగ్గరికి వద్దాం. కొటేషన్‌లో "ఏఆర్500 గ్రేడ్" అని ఉంటుంది. ఆ ప్లేటు గట్టిదనం బ్రినెల్ స్కేలు మీద 500 దరిదాపుల్లో ఉంటుంది. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు, అంటే ఐఎస్ 2062 రకం, 120 నుంచి 140 మధ్య. రెండింటికీ నల్ల పెయింట్ కొడితే కంటికి తేడా తెలియదు. మిల్ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, అందులోని హీట్ నంబర్ (ఆ స్టీలు పోత బ్యాచ్ నంబర్) ప్లేటు మీద పంచ్ చేసిన నంబర్‌తో కలవాలి. జిరాక్స్ కాపీలో నంబర్ చెరిపేసి ఉంటే ఆ లోడు దింపుకోకండి. పోర్టబుల్ హార్డ్‌నెస్ టెస్టర్ ఉన్న ల్యాబు మనిషిని ఒక పూట పిలిపించి, పెయింట్ గీకి, ప్లేటు మధ్యలోనూ అంచుల దగ్గరా రెండు చోట్లా చూపించుకోండి. అంచుల దగ్గర ఎందుకంటే, గట్టి ప్లేటుని గ్యాస్ కటింగ్‌తో కోస్తే ఆ వేడికి అంచు మెత్తబడుతుంది. ముందు వైపు వెల్డింగ్ చేస్తే ఆ పట్టీ కూడా అంతే. ప్లాస్మా లేదా వాటర్‌జెట్‌తో కోసి, బోల్టులతో వేలాడదీయడం సరైన పద్ధతి.

మందం మోసం పట్టడానికి వేబ్రిడ్జి చాలు. 1.2 బై 2.4 మీటర్ల ప్లేటు 10 మిల్లీమీటర్లదైతే 226 కిలోలు, 8 అయితే 181, 6 అయితే 136. లారీ ఖాళీ బరువు, లోడు బరువు మీరే దగ్గరుండి తూయించండి. పాయింట్ 22కి మాత్రమే అయితే 6 మిల్లీమీటర్ల గట్టి ప్లేటు నిలుస్తుంది. పాయింట్ 32 సెంటర్‌ఫైర్ కూడా వస్తే 10 మిల్లీమీటర్లకు తగ్గకండి. రేంజ్‌లో ఏ క్యాలిబర్ దాకా అనుమతిస్తారో ఆర్డర్‌లోనే రాయాలి. ఆయుధ నియమాలు 2016 కింద మీరు తీసుకునే లైసెన్స్‌లో ఉన్నది ఒకటి, బ్యాఫిల్ తట్టుకునేది ఇంకొకటి కాకూడదు. మెత్తటి ప్లేటు ఒక్క దెబ్బకి చిల్లు పడదు, గుంటలు పడుతుంది. తర్వాతి తూటా ఆ గుంట అంచున తగిలి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ప్లేటుకీ ప్లేటుకీ మధ్య సందులు చూడండి. ఈ సెట్‌లో 6 నుంచి 8 మిల్లీమీటర్లు వదిలారు, "ఎండకి వ్యాకోచం" అని కారణం. పాయింట్ 22 తూటా వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. 2.4 మీటర్ల ప్లేటు 45 డిగ్రీల తేడాకి పెరిగేది 1.3 మిల్లీమీటర్లే, 2 మిల్లీమీటర్ల సందు ధారాళం. అంత సందున్నా సరే, వెనక అదే గ్రేడు స్టీలుతో 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ ఉండాలి. బ్యాఫిల్ రెండు కొనలూ పక్క గోడల లోపలికి పోవాలి. స్తంభం దగ్గరే ఆగిపోతే ఒకటో లేన్ నుంచి పదో లేన్ వైపు ఏటవాలుగా పోయే తూటాకి దారి ఉన్నట్టే.

షూటర్ వైపు ప్లేటు ఉత్తగా ఉండకూడదు. 18 లేదా 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దానికీ స్టీలుకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉండాలి. తూటా ప్లై దాటి స్టీలుకి తగిలి చితికి, ముక్కలు ఆ ఖాళీలోనే రాలిపోతాయి. ఈ సెట్‌లో జిమ్ రబ్బర్ టైల్స్ గమ్‌తో నేరుగా స్టీలుకి అంటించారు. మన ఎండకి అవి మొదటి వేసవిలోనే ఊడడం మొదలెడతాయి. పైగా మధ్యలో ఖాళీ లేకపోతే ముక్కలకి వెనక్కి రావడం తప్ప దారి లేదు. ప్లైకి చెదల మందు కొట్టించండి, దాని మీద పడ్డ ప్రతి చిల్లునీ తేదీతో రిజిస్టర్లో రాయండి. చిల్లు పడిందంటే ఎవరో పైకి కాల్చారనే కదా.

బ్యాఫిల్ గాలికి తెరచాపలా నిలబడుతుంది, ఇది ఫ్యాబ్రికేటర్ కొటేషన్లలో కనిపించదు. కట్టడాల మీద గాలి భారం లెక్కకి వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మూల గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విశాఖ, విజయవాడలకి 50. 15 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల ఎత్తున్న ఒక్క బ్యాఫిల్ మీద, ఆకార గుణకాలు కలపకముందే, హైదరాబాద్‌లో 2.1 టన్నుల తోపుడు పడుతుంది. విశాఖలో 2.75 టన్నులు. ప్లేటు సొంత బరువు, 10 మిల్లీమీటర్లదైతే, ఇంకో 1.4 టన్నులు. గొట్టపు స్తంభాలు రెండడుగుల గుంటలో కాంక్రీటు పోసి నిలబెడతామంటే ఒప్పుకోకండి. స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకంతో లెక్కలు కావాలి.

వెనక కట్టకి మొరం, గ్రావెల్ తోలిస్తే చవక. అందులోని రాళ్లే తూటాని ఎగరగొడతాయి. ముందు ముఖం మీద కనీసం అర మీటరు మందాన జల్లించిన ఇసుక లేదా మెత్తటి ఎర్రమట్టి ఉండాలి, వాలు నిటారుగా ఉండాలి. నల్లరేగడి వద్దు, ఎండకి బీటలు వారి వానకి జారిపోతుంది. టార్గెట్ వెనక సీసం ముద్దకట్టే చోట మట్టిని అప్పుడప్పుడూ తీసి జల్లించాలి, లేకపోతే తూటా సీసం మీద పడి తిరుగుతుంది.

బులెట్‌ప్రూఫ్ సర్టిఫికెట్ చూపిస్తే అందులోని ప్రమాణం నంబర్ చదవండి. ఐఎస్ 17051 ఉంటే అది జాకెట్లకి సంబంధించినది. "కాల్చి చూపిస్తాం" అన్నా ఒప్పుకోకండి. ముక్క ప్లేటు మీద ఒక్క రౌండ్ ఆగినంత మాత్రాన సందులు, అంచులు, కోణాలు సరిగ్గా ఉన్నాయని కాదు.

ఆఖరి 25 శాతం డబ్బు ఈ పరీక్ష అయ్యేదాకా ఆపండి. రేంజ్ మూసి, తుపాకులన్నీ తాళంలో పెట్టాక, ఫోన్‌ని లైన్‌కి 70 సెంటీమీటర్లు ముందు, నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో స్టాండ్ మీద పెట్టండి. వీడియో ఆన్ చేసి టార్గెట్ నుంచి మెల్లగా నడినెత్తి దాకా లేపండి, తర్వాత రెండు పక్కలకీ తిప్పండి. మొదటి లేన్, మధ్య లేన్, చివరి లేన్ మూడింట్లోనూ, 80 సెంటీమీటర్లు, 1.5 మీటర్ల ఎత్తుల్లో కూడా చేయండి. నీలం తునక ఒక్కటి కనిపించినా బిల్లు పాస్ చేయకండి. ఈ షరతు పర్చేజ్ ఆర్డర్‌లో ముందే రాయించాలి, తర్వాత అడిగితే నవ్వుతారు.

ఇప్పటికే ఈ 60 సెంటీమీటర్ల సెట్ బిగించుకున్న వాళ్లు కాల్పులు ఆపేయండి, నిలబడి కాల్చేవి కూడా. పైకప్పుని అదే గ్రేడు ప్లేటుతో మొదటి బ్యాఫిల్ దాకా కలిపేస్తే మొదటి కిటికీ పూర్తిగా మూసుకుపోతుంది. మిగతా ఐదింటిని పైకి పెంచాలి. 4.5 మీటర్ల దగ్గర ఉన్నదానికి 1.37 మీటర్లు, ఆఖరిదానికి 1.1, ఒక్కోదానికీ 15 సెంటీమీటర్ల అదనం వేరే. పాత స్తంభాల మీద ఆ ఎత్తు నిలబడదు, గాలి తోపుడు రెట్టింపు దాటుతుంది కాబట్టి పునాదులతో సహా కొత్తవి వేయాల్సిందే. కట్టని 5.2 మీటర్ల పైకి లేపడం ఈలోగా మొదలెట్టొచ్చు, దానికి ఫ్యాబ్రికేటర్‌తో పని లేదు.